అంతర్గత సమాచార వలయం: నిత్య నిర్వహణ, ఆకస్మిక పరిస్థితులు – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• ఒక సంస్థ లోపల సమాచారం నడిచే తీరును చారిత్రక దృష్టితో వివరించడం
• నిత్య వ్యవహారానికి, ఆకస్మిక పరిస్థితికి మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించడం
• సాగర్ ఎడమ కాలువ, రిజిస్ట్రేషన్ శాఖ ఉదాహరణల ఆధారంగా నేటి ఇంట్రానెట్‌కు కావలసిన సన్నద్ధతను చర్చించడం

1. పరిచయం

ఒక సంస్థలో పనిచేసేవారు మాత్రమే చూడగలిగే కంప్యూటర్ సమాచార వలయాన్ని ఇంట్రానెట్ అంటారు. ఉత్తర్వులు, సెలవు దరఖాస్తులు, జీతాల వివరాలు, పని పద్ధతులు, ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి. ఇది కంప్యూటర్ విద్యార్థులు చదవవలసిన విషయం కదా, చరిత్ర పుస్తకంలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. యంత్రం కొత్తది కావచ్చు, అవసరం మాత్రం పాతది. నలుగురు కలిసి ఒక పని చేసే ప్రతి చోటా రెండు ప్రశ్నలు ఎప్పుడూ ఉన్నాయి. మామూలు రోజున ఎవరికి ఏం తెలియాలి? అనుకోనిది జరిగినప్పుడు ముందుగా ఎవరికి తెలియాలి?

ఈ ప్రశ్నలకు మన పరిసరాల్లోనే సమాధానాలు వెతుకుదాం. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ హైదరాబాద్ నుంచి గుంటూరు వైపు వెళ్ళే రైలు మార్గం మీద, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నడుమ ఉంది. ఈ మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట కొత్త జిల్లా అయింది. కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది.

ఈ పాఠంలో మనం పరీక్షించబోయే ప్రతిపాదన ఒక్కటే. ఆపద వచ్చిన రోజున కబురు కొత్త దారి వెతుక్కోదు, రోజూ నడిచిన దారిలోనే నడుస్తుంది. కాబట్టి అత్యవసరం కోసం విడిగా ఒక వ్యవస్థను కట్టి తాళం వేసి ఉంచడం కంటే, నిత్య వ్యవస్థలోనే అత్యవసరానికి చోటు ముందుగా రాసి ఉంచడం మేలు.

2. ఉద్యమంలో కబురు: 1930–1951

కంప్యూటర్లు లేని కాలంలో ఈ ప్రాంతంలో పనిచేసిన ఒక పెద్ద అంతర్గత వలయం ఆంధ్ర మహాసభది. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో జరిగింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరి మహాసభ జరిగిన తరువాత నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో గ్రామ సంఘాలు వేగంగా విస్తరించాయి. వెట్టిచాకిరి, భూమి నుంచి బేదఖలు, బలవంతపు లెవీ ధాన్యం వసూలు వంటి సమస్యల మీద ఊరి నుంచి తాలూకాకు, తాలూకా నుంచి నాయకులకు ఫిర్యాదులు వెళ్ళేవి. తిరుగు జవాబులు, కరపత్రాలు, సభల వార్తలు ఊళ్ళకు వచ్చేవి. అది ఆ సంస్థ నిత్య వ్యవహారం.

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించారు. ఆ తరువాత పోరాటం సాయుధ రూపం తీసుకుంది. నిర్బంధం పెరిగి బహిరంగంగా తిరగడం కష్టమైనప్పుడు కబుర్ల భారం కొరియర్ల మీద పడింది. సూర్యాపేట ప్రాంతానికి చెందిన మల్లు స్వరాజ్యం వంటి నాయకురాళ్ళ జీవితాలను, స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లోని మహిళల అనుభవాలను చదివితే, ఉత్తరాలు, అన్నం, హెచ్చరికలు చేరవేయడంలో సామాన్య స్త్రీల పాత్ర ఎంతటిదో తెలుస్తుంది.

ఇక్కడ మీరు రెండు విషయాలు గమనించాలి. మొదటిది: రహస్య కాలంలో ఎవరి ఇంటి తలుపు తట్టాలో కార్యకర్తలకు తెలిసింది అంతకుముందు ఫిర్యాదుల కోసం ఆ ఇంటికి వెళ్ళివచ్చిన పరిచయం వల్ల. రెండవది: రహస్య ఉద్యమాల్లో ప్రతి ఒక్కరికీ అంతా చెప్పరు. ఒక కొరియర్‌కు తన ముందున్న లంకె, తరువాతి లంకె తెలిస్తే చాలు. పట్టుబడినా నష్టం అక్కడికే ఆగుతుంది. నేటి ఇంట్రానెట్‌లో ఎవరు ఏ పేజీ చూడవచ్చు అని నిర్ణయించే అనుమతుల పద్ధతి వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. అయితే దీనికి ఒక ప్రమాదం కూడా ఉంది. లంకె తెలిసిన ఒకే మనిషి లేకుండా పోతే దారి మొత్తం తెగిపోతుంది. గోప్యతకు, కొనసాగింపుకు మధ్య ఉన్న ఈ ఇబ్బంది ప్రతి సంస్థకూ ఎదురవుతుంది.

3. కాలువ వెంట సమాచారం: 1955 నుంచి

నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. హెడ్ రెగ్యులేటర్ వద్ద దాని సామర్థ్యం 11,000 క్యూసెక్కులు, పొడవు సుమారు 180 కిలోమీటర్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల మీదుగా వెళ్ళి ఆంధ్రప్రదేశ్‌లోని మూడవ జోన్ ఆయకట్టుకు నీరందిస్తుంది.

కాలువను మనం సాధారణంగా మట్టికట్ట, సిమెంటు లైనింగ్, తూముల సముదాయంగా చూస్తాం. చరిత్రకారుడు దానిని ఒక సంస్థగా కూడా చూడాలి. ఆ సంస్థ ఒకే భవనంలో ఉండదు, కాలువ పొడవునా పరుచుకుని ఉంటుంది. కట్ట మీద తిరిగే లష్కరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ, చీఫ్ ఇంజనీరు వరకు ఒక వరుస ఉంటుంది. ఈ వరుసలో పైకి వెళ్ళేది గేజి రీడింగు, కిందికి వచ్చేది గేటు ఎత్తమనో దించమనో ఆదేశం.

ఇక్కడ కబురుకు ఎందుకంత విలువ ఉందో ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. కాలువలో నీరు గంటకు మూడున్నర కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. హెడ్ రెగ్యులేటర్ వద్ద గేటు దించితే, 100 కిలోమీటర్ల దిగువన ఆ తేడా తెలియడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. అంటే దిగువన కట్ట బలహీనపడిందని తెలిసిన క్షణంలో పైన గేటు మూసినా, దారిలో ఉన్న నీరు వస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న క్రాస్ రెగ్యులేటర్లను సర్దాలి, ఎస్కేప్‌ల ద్వారా మిగులు నీటిని వాగుల్లోకి వదలాలి. ఇవన్నీ సమయానికి జరగాలంటే కబురు నీటికంటే వేగంగా నడవాలి. బ్రిటిష్ కాలంలో పంజాబ్ కాలువల వెంట శాఖకు సొంత టెలిగ్రాఫ్ లైన్లు వేసుకోవడానికి కారణం ఇదే. తరువాతి కాలంలో టెలిఫోను, వైర్‌లెస్, సెల్‌ఫోను ఆ స్థానంలోకి వచ్చాయి.

సాగర్ ఆయకట్టు రైతులకు నీటి కొరత ఏడాదుల్లో అమలయ్యే 'ఆన్ అండ్ ఆఫ్' పద్ధతి బాగా తెలుసు. కొన్ని రోజులు నీరు ఇస్తారు, కొన్ని రోజులు ఆపుతారు. ఆ తేదీలు ముందుగా తెలిస్తే రైతు నారు, నాటు, ఎరువు పనులు సర్దుకుంటాడు. తెలియకపోతే చివరి భూముల రైతు నష్టపోతాడు. 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటు చేసింది. సమాచార దృష్టితో చూస్తే ఆ చట్టం చేసిన మేలు ఏమిటంటే, శాఖ లోపలి వరుసకు రైతు అనే చివరి లంకెను అధికారికంగా కలపడానికి ప్రయత్నించింది. కట్ట పగుళ్ళిచ్చిందని ముందుగా చూసేది చాలాసార్లు అక్కడ పొలం ఉన్న రైతే. అతని మాట ఎవరికి చేరాలో అతనికి తెలియకపోతే కార్యాలయంలో ఎంత మంచి వ్యవస్థ ఉన్నా దానివల్ల ప్రయోజనం లేదు.

4. రిజిస్టరు నుంచి కంప్యూటరుకు: 1908–1998

కాలువ ఉదాహరణలో సమాచారం వేగంగా నడవాలి. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సమాచారం చెడకుండా నిలవాలి, అడిగినప్పుడు దొరకాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దీనికోసం ఒక చక్కని పద్ధతిని నిర్దేశించింది. స్థిరాస్తి దస్తావేజులకు ఒకటవ పుస్తకం, వీలునామాలకు మూడవ పుస్తకం, ఇలా వేర్వేరు పుస్తకాలు ఉంటాయి. ఒకటవ పుస్తకానికి రెండు సూచికలు ఉంటాయి: ఒకటి వ్యక్తుల పేర్ల వారీగా, రెండవది ఆస్తి వారీగా. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అడిగితే గుమస్తా ఈ సూచికలను తిరగేసి రాసి ఇచ్చేవాడు. దస్తావేజులను చేతితో నకలు రాయవలసి రావడం వల్ల రోజులు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పట్టేది.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. కార్యాలయం లోపల కంప్యూటర్లను వలయంగా కలిపి, దస్తావేజులను స్కాన్ చేసి, విలువ లెక్కింపు నుంచి ఈసీ వరకు ఒకే వ్యవస్థలోకి తెచ్చారు. రోజులు పట్టే పనిని గంటలోకి తేవాలన్నది లక్ష్యం. గుమస్తా చూసే తెర, అధికారి చూసే తెర, సూచిక అన్నీ ఒకే వలయంలో ఉండడం వల్ల దీనిని మన రాష్ట్రంలో ఇంట్రానెట్ ఆలోచనకు తొలి పెద్ద ఉదాహరణల్లో ఒకటిగా చెప్పుకోవచ్చు.

ఇదే సమయంలో ప్రపంచంలో ఏం జరిగిందో చూడండి. 1989 మార్చిలో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ఒక ప్రతిపాదన రాశాడు. ఆ సంస్థకు శాస్త్రజ్ఞులు వస్తారు, రెండు మూడేళ్ళకు వెళ్ళిపోతారు, వారితో పాటు సమాచారమూ పోతుంది. దానిని నిలబెట్టే మార్గం కావాలి. ఈ అవసరం నుంచే వరల్డ్ వైడ్ వెబ్ పుట్టింది. అంటే నేడు లోకమంతా వాడే వెబ్ మొదట ఒక సంస్థ లోపలి మతిమరుపుకు మందుగా తయారైంది. బదిలీలు ఎక్కువగా ఉండే మన కార్యాలయాలకు ఈ విషయం వెంటనే అర్థమవుతుంది.

5. పరీక్ష పెట్టిన రోజులు: 2009, 2022, 2024

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర నదులకు అసాధారణ వరద వచ్చింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. నీటిమట్టం పూర్తి స్థాయి అయిన 885 అడుగులు దాటి 896 అడుగులకు చేరింది. మూడు రోజుల తరువాత, అక్టోబరు 5న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం సుమారు 11 లక్షల క్యూసెక్కులు. మధ్యలో ఉన్న జలాశయాలు వరద ఉద్ధృతిని కొంత తమలో ఇముడ్చుకోవడం వల్ల ఈ తేడా సాధ్యమైంది. పై జలాశయం ఎంత వదులుతోందో కింది జలాశయం వారికి తెలియకుండా ఇటువంటి నిర్వహణ జరగదు. ఆ రోజున వాడిన నీటిమట్టం రీడింగులు, ప్రవాహ లెక్కలు మామూలు రోజుల్లో కూడా తీసేవే. రీడింగుల మధ్య వ్యవధి తగ్గింది, వాటిని చూసే కళ్ళు పెరిగాయి. దేశంలో కేంద్ర జలసంఘం ఆధ్వర్యంలో వరద సూచన వ్యవస్థ 1958 నవంబరులో ఢిల్లీ వద్ద యమునా నదిపై మొదలైంది. అదీ రోజువారీ రీడింగుల మీద ఆధారపడిన పద్ధతే.

2022 సెప్టెంబరు 7న ఎడమ కాలువకు మిర్యాలగూడ సమీపంలోని నిడమనూరు మండలంలో గండి పడింది. పొలాలు మునిగాయి. రెండేళ్ళు తిరగకముందే, 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాల మధ్య అదే కాలువకు కోదాడ సమీపంలోని నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద గండి పడింది. అదే సమయంలో పాలేరు పొంగి, రాష్ట్ర సరిహద్దు దాటిన వెంటనే గరికపాడు వద్ద హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. మహబూబాబాద్ జిల్లాలో రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్ళూ నిలిచాయి.

ఈ రెండు గండ్లను పక్కపక్కన పెట్టి చూడండి. 2022 నాటిది ఒక చోట ఒక ఆపద. 2024 నాటిది అనేక ఆపదలు ఒకేసారి వచ్చిన సందర్భం. కాలువ, వాగు, రహదారి, రైలు అన్నీ ఒకే రోజున దెబ్బతిన్నాయి. ఇటువంటి రోజున ఒక సంస్థకు తన సొంత సమాచారం ఒక్కటే చాలదు, పక్క సంస్థ సమాచారం కూడా కావాలి. అంతేకాదు, 2014లో రాష్ట్ర విభజన, 2016లో జిల్లాల విభజన జరిగాయి. కాలువ ఒక్కటే, దాని వెంట ఉన్న కార్యాలయాలు మాత్రం రెండు రాష్ట్రాలకు, అనేక జిల్లాలకు చెందినవి అయ్యాయి. పాత జిల్లా పేరుతో తయారైన నంబర్ల జాబితా, పాత అధికార పరిధితో రాసిన ఉత్తర్వు ఆపద రోజున తప్పుదారి పట్టిస్తాయి. పరిపాలన మారిన ప్రతిసారీ అంతర్గత సమాచారాన్ని తిరగరాయాలన్నది దీని నుంచి తీసుకోవలసిన పాఠం.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక కళాశాలలో అత్యవసర నంబర్ల జాబితాను అందంగా అచ్చువేసి గోడకు తగిలించాం. నాలుగేళ్ళ తరువాత ఒక సాయంత్రం ప్రయోగశాలలో పొగ వచ్చింది. జాబితాలో మొదటి ముగ్గురిలో ఇద్దరు అప్పటికే బదిలీ అయ్యారు, మూడవ నంబరు పనిచేయలేదు. చివరకు సహాయం వచ్చింది రోజూ గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ తన ఫోనులో ఉన్న నంబరుకు చేస్తేనే. ఆ జాబితా తయారుచేసిన సంఘంలో నేనూ ఒకణ్ణి. దానిని తిరిగి చూడవలసిన బాధ్యత ఎవరిదో మేము రాయలేదు.

6. నేటి సంస్థకు అన్వయం

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉందనుకోండి. ఆ యాజమాన్యానికి కోదాడలో గోదాము, సూర్యాపేటలో కార్యాలయం ఉన్నాయి. మూడు చోట్లకూ కలిపి ఒక ఇంట్రానెట్ పెట్టుకోవాలనుకున్నారు. అందులో ఏముండాలి?

నిత్య వ్యవహారానికి: గేటు దగ్గర లారీల వరుస, టోకెన్లు, వడ్ల తేమ శాతం, బాయిలర్ రీడింగులు, షిఫ్టు మార్పులు, గోదాము నిల్వ, హమాలీల కూలి లెక్క. ఇవి రోజూ మారేవి కాబట్టి సిబ్బంది రోజూ ఆ పేజీ తెరుస్తారు. ఆ అలవాటే ఈ వ్యవస్థకు పునాది.

అనుకోని పరిస్థితికి: బాయిలర్‌లో ప్రమాదం, ఆరబోసిన వడ్లపై అకాల వర్షం, రహదారి మూసివేత, కరెంటు లేకపోవడం, మేనేజరు అందుబాటులో లేకపోవడం. ఈ ఐదింటికీ వేర్వేరు పేజీలు ముందే రాసి ఉండాలి. ప్రతి పేజీలో నాలుగు మాటలు చాలు: ముందుగా ఏం ఆపాలి, ఎవరికి చెప్పాలి, వారు లేకపోతే ఎవరికి, ఎవరి అనుమతి లేకుండానే ఏ పని చేయవచ్చు. చివరి అంశం చాలా సంస్థలు మరిచిపోతాయి. బాయిలర్ దగ్గర ఉన్న మనిషి దానిని ఆపడానికి సూర్యాపేట నుంచి ఫోను వచ్చేదాకా ఎదురుచూడకూడదు. కట్ట మీది లష్కరుకు, బాయిలర్ దగ్గరి కార్మికుడికి ఈ విషయంలో తేడా లేదు.

చరిత్ర నుంచి మనం చూసిన పాఠాలు ఇక్కడ ఇలా వర్తిస్తాయి. సాగర్ కాలువ నుంచి: కింది లంకె పైకి చెప్పే దారి ఉండాలి, పైనుంచి ఉత్తర్వులు పంపే దారి మాత్రమే ఉంటే చాలదు. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి: సూచిక లేని సమాచారం ఉన్నా లేనట్టే. పేరుతో వెతికినా, విషయంతో వెతికినా దొరకాలి. ఉద్యమ కాలం నుంచి: అందరికీ అన్నీ అక్కరలేదు, కాని ఏ లంకె కూడా ఒకే మనిషి మీద ఆధారపడకూడదు. 2024 వరద నుంచి: కరెంటు, నెట్‌వర్క్ పోయే అవకాశం ఉంది కాబట్టి అత్యవసర పేజీల కాగితం ప్రతి గేటు దగ్గర, బాయిలర్ దగ్గర తెలుగులో ఉండాలి. నా కళాశాల అనుభవం నుంచి: ప్రతి పేజీ కింద దానిని చివరిసారి సరిచూసిన తేదీ, సరిచూసిన వారి పేరు ఉండాలి.

వీటికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. వానాకాలం ముందు ఒకసారి, వరి కోతల ముందు ఒకసారి జాబితాలోని నంబర్లన్నిటికీ ఫోను చేసి చూడడం ఒక పూట పని. ఆ పూట కేటాయించమని యాజమాన్యాన్ని ఒప్పించడమే కష్టమైన భాగం. ఎందుకంటే ఆపద రాని ఏడాది ఆ శ్రమ దండగ అనిపిస్తుంది.

7. సారాంశం

ఇంట్రానెట్ అనే మాట కొత్తదైనా, సంస్థ లోపల సమాచారం నడిపే అవసరం పాతదని మనం చూశాం. ఆంధ్ర మహాసభ గ్రామ సంఘాల పరిచయాలు రహస్య కాలంలో ఉపయోగపడ్డాయి. సాగర్ ఎడమ కాలువలో రోజువారీ గేజి రీడింగు ఆపద రోజున నిర్ణయానికి ఆధారం. రిజిస్ట్రేషన్ శాఖలో సూచిక లేకుండా కంప్యూటరైనా, పుస్తకమైనా ఉపయోగపడదు. 2009, 2022, 2024 సంఘటనలు ఆకస్మిక పరిస్థితులు మళ్ళీ మళ్ళీ వస్తాయని, ఒక్కోసారి కలిసి వస్తాయని చూపించాయి. కాబట్టి నిత్యం వాడే వలయంలోనే అత్యవసరానికి చోటు ఉండాలి, దానికి ఒక బాధ్యుడు, ఒక తేదీ, ఒక కాగితం ప్రతి ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కాలువ నిర్వహణలో కబురు నీటికంటే వేగంగా నడవాలనడానికి కారణం ఏమిటి? (సుమారు 10 పంక్తుల్లో రాయండి.)
2. ఒకటవ పుస్తకానికి ఉన్న రెండు సూచికలు ఏవి? అవి నేటి ఇంట్రానెట్‌లో ఏ అవసరాన్ని గుర్తు చేస్తాయి?
3. 2022, 2024 కాలువ గండ్ల మధ్య పరిస్థితుల తేడాను సమాచార దృష్టితో వివరించండి.
4. మీరు పనిచేస్తున్న చోట, లేదా మీ ఊరి పంచాయతీ కార్యాలయంలో, అత్యవసర నంబర్ల జాబితా ఉందేమో చూడండి. అందులోని నంబర్లకు ఫోను చేసి ఎన్ని పనిచేస్తున్నాయో నమోదు చేయండి. ఆ జాబితాను సరిచూడవలసిన బాధ్యత ఎవరిదో తెలుసుకుని ఒక పేజీ నివేదిక రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.